ఆర్గాన్‌కి లేని అంటు డప్పుకెక్కడిది?



ఈ వరుసలో ఇప్పటిదాకా మన పల్లెల చరిత్ర, మన పాటల చరిత్ర రాస్తూ వచ్చాను. ఈసారి కొంచెం దూరం వెళ్తున్నాను. నైజీరియా, లండన్, అమెరికా తిరిగి మళ్ళీ మన పల్లెకే వస్తాను. నిడివి ఎక్కువే. ఓపిక చేసుకుని చదవండి.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి.

మొన్న క్రిస్మస్‌కి ఊరెళ్ళాను. 24వ తేదీ రాత్రి ఆరాధనకి మా పల్లె కుర్రాళ్ళు నాలుగు డప్పులు తెచ్చారు. చర్చి వెనక గడ్డి మంట వేసి కాగబెట్టుకున్నారు. పాట అందుకోగానే కొడదామని గుమ్మం దగ్గర నిలబడ్డారు. సంఘ పెద్ద లేచి అడ్డం వచ్చాడు. "దేవుని మందిరంలో ఈ చావు డప్పేందిరా? బయట పెట్టి రండి" అన్నాడు. కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు. అయ్యగారు ఏమీ మాట్లాడలేదు. డప్పులు వేపచెట్టు కింద మంచుకి మెత్తబడిపోయాయి.

లోపల పాట మొదలైంది. కీబోర్డు ఉంది. దాని పక్కన రిథమ్ ప్యాడ్ ఉంది. ప్యాడ్ దగ్గర కూర్చున్న పిల్లవాడు ఒక బటన్ నొక్కి పుల్లలతో వాయించడం మొదలుపెట్టాడు. అందులోంచి వచ్చింది ఏ శబ్దమో తెలుసా? డప్పు శబ్దమే. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. కరెంటు డప్పుకి తప్పు లేదు. తోలు డప్పుకే తప్పు.

మర్నాడు ఆ పెద్దాయనతో వాదనకి దిగాను. ఆయన వరసకి నాకు పెదనాన్న. చదువుకున్నానన్న ధీమాతో నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. "డప్పు మన సంస్కృతి పెదనాన్నా. దాన్ని బయట పెట్టడమంటే మనల్ని మనం బయట పెట్టుకోవడమే" అన్నాను. ఆయన చాలాసేపు ఊరుకున్నాడు. చివరికి ఒకటే మాట అన్నాడు. "జాతరకి డప్పు కొట్టనన్నందుకు మీ తాతని చావిడి ముందు కట్టేసి కొట్టారు. నేను చూశా. దెబ్బలు తిని వదిలించుకున్నదాన్ని నువ్వు పీహెచ్‌డీ చేసి తెచ్చి గుళ్ళో పెడతావా?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం వెతుకులాట.

*

వెతుకుతూ ఉంటే ఒక ఆర్గాన్ రచన దగ్గర ఆగాను. దాని పేరు 'ఒయిగియిగి'. రాసినవాడు ఫెలా షోవాండే. నైజీరియాలో యొరుబా కుటుంబంలో 1905లో పుట్టాడు. తండ్రి ఆంగ్లికన్ పాదిరి. ఈ రచన 1950లలో లండన్‌లో చాపెల్ సంస్థ ద్వారా అచ్చయింది. యొరుబా జానపద బాణీ ఒకటి తీసుకుని, ముందు ఒక ఉపోద్ఘాతం, తర్వాత అసలు బాణీ, ఆ తర్వాత దాని మీద రకరకాల మార్పులు, ఈ వరుసలో నడుస్తుంది. మన డప్పు కొట్టేవాళ్ళు ఒకే దరువుని పట్టుకుని దాన్ని తిప్పి తిప్పి కొత్తది చేస్తారు చూడండి, దాదాపు ఆ పద్ధతే. 'ఒయిగియిగి' అన్నది దేవుణ్ణి పొగిడే పాత యొరుబా మాట. మహా గొప్పవాడు, కదలనివాడు అన్న అర్థంలో వాడతారు. క్రైస్తవం రాకముందూ ఆ మాట ఉంది, వచ్చిన తర్వాత చర్చి పాటల్లోకీ వచ్చింది.

ఆర్గాన్ అంటే మన చర్చిల్లో ఉండే హార్మోనియం కాదు. గోడంత ఎత్తు గొట్టాలు, వందలూ వేలూ ఉంటాయి. ఒక్కో గొట్టానికీ ఒక్కో స్వరం. గాలి తోస్తే మోగుతాయి. చేతులకి రెండు మూడు వరసల మెట్లు, కాళ్ళకి ఇంకో వరస మెట్లు. బాగా లోతైన స్వరాలు కాళ్ళతోనే పలికిస్తారు. నేను నిజం ఆర్గాన్ ఎదురుగా నిలబడి ఎప్పుడూ వినలేదు. హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. సంగీతం నేర్చుకున్నవాణ్ణీ కాను. అయినా వింటుంటే నాకు తట్టిన ప్రశ్న ఇది. యూరప్ తన పవిత్రతకి గుర్తుగా పెట్టుకున్న వాయిద్యం మీద, ఆ యూరప్ మిషనరీలే అన్యమతం అని పక్కన పెట్టిన జనం బాణీని కూర్చోబెట్టడానికి ఇతనికి ధైర్యం ఎక్కడిది?

దానికి జవాబు కావాలంటే ముందు ఆ వాయిద్యం పుట్టుక చూడాలి.

*

ఆర్గాన్ యూరప్‌లో పుట్టలేదు. చర్చిలో అసలే పుట్టలేదు. క్రీస్తుకి పూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో పుట్టింది. అంటే ఆఫ్రికా గడ్డ మీద. తయారు చేసినవాడు క్టెసిబియస్ అనే గ్రీకు ఇంజనీరు. నీటి బరువుతో గాలిని అదిమిపెట్టి గొట్టాల్లోకి పంపే యంత్రం అది. ఈ క్టెసిబియస్ ఎవరి కొడుకో రోమన్ రచయిత విట్రూవియస్ చెప్పాడు. మంగలి కొడుకు!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకి సన్నాయి ఊదేది ఎవరు? మంగళ్ళే కదా. శుభకార్యం జరగాలంటే వాళ్ళ ఊపిరి కావాలి. భోజనాల పంక్తిలో మాత్రం వాళ్ళ చోటు వేరు. గాలితో మోగే వాయిద్యాలకీ ఈ కులానికీ ఉన్న చుట్టరికం అలెగ్జాండ్రియాలోనూ కనిపించడం యాదృచ్ఛికమే కావచ్చు. నాకు మాత్రం ఆ వాక్యం చదివినప్పుడు భలే సంతోషం వేసింది.

తర్వాత ఈ వాయిద్యం రోమన్లకి చేరింది. ఎక్కడ మోగించారో తెలుసా? మనుషులు కత్తులతో ఒకర్నొకరు చంపుకుంటుంటే జనం కూర్చుని చూసే గోదాల్లో. లిబియాలోని జ్లిటెన్ దగ్గర ఒక రోమన్ భవనంలో రంగురాళ్ళ చిత్రం దొరికింది. అందులో ఒక పక్క గ్లాడియేటర్ల పోరాటం, ఇంకో పక్క బూరలు ఊదేవాళ్ళు, వాళ్ళ మధ్య ఆర్గాన్ వాయించే మనిషి. తొలినాటి క్రైస్తవ గురువుల్లో చాలామందికి ఆరాధనలో వాయిద్యాలంటేనే పడదు. అవి నాటకశాలల మురికిని తెస్తాయని వాళ్ళ భయం.

అలాంటి ఆర్గాన్ 757లో బైజాంటియం చక్రవర్తి ఐదో కాన్‌స్టంటైన్ పంపిన కానుకగా ఫ్రాంకుల రాజు పెపిన్ దగ్గరికి చేరింది. రాజుగారి దర్బారు సొత్తు అయింది. ఆ తర్వాత శతాబ్దాల్లో మఠాల్లోకి, కెథడ్రల్స్‌లోకి వచ్చింది. రాజు ముట్టాడు కాబట్టి పవిత్రమైంది. అక్కడితోనూ కథ ఆగలేదు. ప్రొటెస్టెంటు సంస్కరణ వచ్చినప్పుడు స్విట్జర్లాండులోని జూరిచ్‌లో ఆర్గాన్లని విరగ్గొట్టారు. ఇంగ్లండులో ప్యూరిటన్ల పార్లమెంటు 1644లో చర్చిల నుంచి ఆర్గాన్లు తీసేయమని ఆజ్ఞ ఇచ్చింది. స్కాట్లాండు ప్రొటెస్టెంట్లు దాన్ని 'ఈలల పెట్టె' అని వెక్కిరించారు. 19వ శతాబ్దంలో గానీ అక్కడి చర్చిలు దాన్ని మళ్ళీ లోపలికి రానివ్వలేదు.

అంటే ఒకే వాయిద్యం ఒక కాలంలో గోదా సరుకు, ఒక కాలంలో రాజు కానుక, ఒక చోట పవిత్రం, ఇంకో చోట అపవిత్రం. గొట్టాలు మారలేదు. గాలి మారలేదు. దాని పక్కన నిలబడ్డ మనుషుల అధికారం మారింది. వాయిద్యానికి పవిత్రత పుట్టుకతో రాదు, అంటు కూడా పుట్టుకతో రాదు. రెండూ మనుషులు పూసినవే.

*

ఇక యొరుబా దేశానికి వెళ్దాం.

అక్కడ క్రైస్తవం వచ్చిన తీరు తెలియాలంటే శామ్యూల్ అజాయీ క్రౌథర్ కథ తెలియాలి. యొరుబా పిల్లవాడు. 1821లో బానిసల వేటగాళ్ళు ఊరి మీద పడి పట్టుకుపోయారు. పోర్చుగీసు ఓడ ఎక్కించారు. 1822లో బ్రిటిష్ నావికాదళం ఆ ఓడని అడ్డగించి బానిసల్ని సియెర్రా లియోన్‌లో దింపింది. అక్కడ చదువుకున్నాడు, పాదిరి అయ్యాడు, 1864లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో తొలి ఆఫ్రికా బిషప్. బైబిల్ని యొరుబాలోకి తెచ్చిన పనిలో అతనిదే పెద్ద చెయ్యి. 1884కి అది పూర్తయింది. ముసలితనంలో కుర్ర తెల్ల మిషనరీలు వచ్చి ఆయన నడిపిన మిషన్ మీద నిందలు వేసి, చేతుల్లోంచి అధికారం లాగేశారు. ఆ అవమానంతోనే 1891 చివరి రోజున చనిపోయాడు. ఆయన స్థానంలో తెల్ల బిషప్‌ని కూర్చోబెట్టారు. ఇది చదువుతుంటే మన విశ్వవిద్యాలయాలు, మన ఆఫీసులు గుర్తొస్తే తప్పు మీది కాదు.

ఇప్పుడు పాట సంగతి. మిషనరీలు ఇంగ్లీషు కీర్తనల్ని యొరుబాలోకి అనువదించి, బాణీ మాత్రం ఇంగ్లీషుదే ఉంచారు. ఇక్కడే చిక్కు వచ్చింది. యొరుబా స్వరభాష. ప్రతి అక్షరానికీ పై స్వరం, నడిమి స్వరం, కింది స్వరం అని మూడు స్థాయిలు. స్థాయి మారితే మాటే మారిపోతుంది. 'ఒకొ' అని రాసుకుందాం. ఒక రకంగా పలికితే మొగుడు. ఇంకో రకంగా పలికితే గొడ్డలిపార. మరో రకంగా పలికితే ఓడ. ఇంకో రకంగా పలికితే ఈటె. ఇప్పుడు ఇంగ్లీషు బాణీ తన దారిన పైకీ కిందికీ వెళ్తుంది. మాట ఒక దారి, బాణీ ఒక దారి. చర్చి నిండా జనం నిలబడి భక్తిగా పాడుతుంటారు, చెవిన పడేది మాత్రం అర్థంపర్థం లేని మాటలు.

తెలుగు స్వరభాష కాదు గానీ, ఈ బాధ మనకీ కొంత తెలుసు. మన భాష గురులఘువుల మీద నడుస్తుంది. 'పడు' అన్న చోట అక్షరం సాగితే 'పాడు' అయిపోతుంది. 'మన' సాగితే 'మాన' అవుతుంది. ఇంగ్లీషు బాణీలో ఇరికించిన తెలుగు కీర్తనలు పాడేటప్పుడు నోరు తడబడే చోట్లు మన సంఘాల్లో పెరిగిన ఎవరికైనా తెలుసు. అందుకే మన తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌధురి వంటి వాళ్ళు ఇంగ్లీషు బాణీ వదిలి రాగం, తాళం పెట్టి రాసిన కీర్తనలే ఎక్కువ కాలం నిలిచాయి. అయితే ఆ రాగతాళాలు ఎవరి ఇంటివి? కచేరీ సంప్రదాయానివి. పాడే సంఘంలో ఎక్కువమంది మాల మాదిగలు. పుస్తకంలో ఉన్నది ఇంగ్లండు బాణీ, లేదంటే కచేరీ బాణీ. పల్లె బాణీ, పల్లె దరువు ఎక్కడ? ఈ ప్రశ్నకి చివర్లో మళ్ళీ వస్తాను.

యొరుబాల దగ్గర దుందున్ అనే డోలు ఉంది. నడుము సన్నగా ఉంటుంది. పక్కన తోలు తాళ్ళుంటాయి. వాటిని చంకలో పెట్టి నొక్కితే స్వరం పైకీ కిందికీ కదులుతుంది. మాటల స్వరాల్ని అచ్చంగా అలాగే పలికిస్తుంది. సామెతలు చెబుతుంది, మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుంది. అందుకే దాన్ని మాట్లాడే డోలు అంటారు. తమాషా చూడండి. చర్చి లోపల హార్మోనియం మీద పాడే యొరుబా పాట యొరుబాలా వినపడదు. బయట పెట్టిన డోలు మాత్రం శుభ్రమైన యొరుబా మాట్లాడుతుంది. ఆ డోలునే అన్యమతం అని బయట ఉంచారు.

*

దీని మీద యొరుబా క్రైస్తవుల్లో మూడు రకాల తిరుగుబాటు వచ్చింది. మూడూ తెలుసుకోవాలి, ఎందుకంటే మన ఉద్యమంలోనూ ఈ మూడూ ఉన్నాయి.

మొదటిది వదిలేయడం. డేవిడ్ బ్రౌన్ విన్సెంట్ అనే ఆయన 1888లో లేగోస్‌లో తెల్ల మిషన్ నుంచి విడిపోయిన నేటివ్ బాప్టిస్టు చర్చి పెట్టినవాళ్ళలో ఒకడు. 1894లో ఇంగ్లీషు పేరు కూడా వదిలేసి మోజోలా అగ్బేబీ అయ్యాడు. ఆఫ్రికా బట్టలే కట్టాడు. 1902లో చేసిన ఒక ప్రసంగంలో ఆయన తెల్లవాళ్ళ కీర్తనల పుస్తకాలు, హార్మోనియం, తెల్లంగీల గాయక బృందం, తెల్ల పేర్లు, తెల్ల బట్టలు అన్నిటినీ ఒకే జాబితాలో పెట్టి, ఇవన్నీ ఆఫ్రికా క్రైస్తవుడికి తగిలించిన చంకకర్రలు అన్న భావంతో మాట్లాడాడు. కర్రలు పారేస్తే తప్ప నడక రాదని ఆయన వాదన.

రెండోది మన బాణీలో పాడటం. అబెయోకుటా ప్రాంతంలో జె. జె. రాన్సమ్-కుటీ అనే పాదిరి ఉండేవాడు. జనం బాణీల్లో క్రైస్తవ మాటలు కట్టి పాడేవాడు. మాటల స్వరం, పాట స్వరం ఒకటే కాబట్టి జనం నోటికి అలవోకగా పట్టాయి. 1922లో లండన్‌లో జోనోఫోన్ కంపెనీ ఆయన పాటల్ని పదుల సంఖ్యలో రికార్డు చేసింది. మీలో చాలామంది వినే ఫెలా కుటీ ఉన్నాడే, నైజీరియా సైనిక పాలకుల గుండెల్లో నిద్రపోయిన గాయకుడు, ఈయన మనవడే.

మూడోది షోవాండే దారి. ఆయన లేగోస్ కెథడ్రల్‌లో గాయక బాలుడిగా పెరిగాడు. గురువు ఎకుండాయో ఫిలిప్స్. ఈ ఫిలిప్స్ 1914 నుంచి 1962 దాకా ఆ కెథడ్రల్ సంగీతాన్ని నడిపాడు. లండన్‌లో ఆర్గాన్ నేర్చుకుని వచ్చి, ఆఫ్రికా జానపద బాణీ మీద ఆర్గాన్ రచనలు చేశాడు. 1953లో యొరుబా సంగీతం మీద పుస్తకం వేశాడు. అంటే షోవాండే ఆకాశంలోంచి ఊడిపడలేదు. ముందే ఒకరు దారి కొట్టి పెట్టారు. మన దగ్గర కూడా ప్రతి పేరున్న కవి వెనక పేరు లేని ఒక వీధిబడి పంతులు ఉంటాడు.

షోవాండే 1930ల నడుమ లండన్ వెళ్ళాడు. ఇంజనీరింగ్ చదవాలని వెళ్ళినవాడు పొట్టకూటికి జాజ్ వాయించాడు. క్లబ్బుల్లో, థియేటర్లలో వాయించాడు. రాత్రి అది, పగలు బాఖ్ అభ్యాసం. 1943లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ వారి ఫెలోషిప్ సంపాదించాడు. ఇంగ్లండులో ఆర్గాన్ వాయించేవాళ్ళకి అంతకన్నా పెద్ద పరీక్ష లేదు. 1945 నుంచి 1952 దాకా లండన్ కింగ్స్‌వే హాల్‌లో, వెస్ట్ లండన్ మిషన్‌లో ఆర్గనిస్టుగా ఉన్నాడు. ఊహించండి. వలస రాజ్యపు రాజధాని నగరంలో, తెల్లవాళ్ళ ఆరాధనలో, ఆర్గాన్ ముందు ఒక నల్ల మనిషి.

1960లలో ఆయన మీద రెండు వైపుల నుంచీ ప్రశ్నలు వచ్చాయి. ఆఫ్రికా వాడివి, ఆఫ్రికా వాయిద్యాలే వాయించుకోక ఈ ఆర్గాన్లు, సింఫనీలు నీకెందుకు అని. దానికి ఆయన జవాబు కటువైనది. సంగీతకారుడు తన పుట్టుక రూపాల్లోనే కట్టుబడి ఉండాలనడం కళలో అపార్తీడ్ అన్నాడు. దక్షిణాఫ్రికాలో అపార్తీడ్ మండుతున్న రోజుల్లో అన్న మాట అది.

ఈ మాట మనకి ఎంత దగ్గరో చూడండి. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసేటప్పుడు ఛందస్సు మీద పని చేస్తానంటే, "నీకెందుకయ్యా ఛందస్సు, దళిత కవిత్వం మీద చెయ్, నీకు సహజంగా వస్తుంది" అన్న పెద్దమనిషి ఉన్నాడు. పేరు అనవసరం. దళిత కవిత్వం మీద పని చేయడం నాకు గర్వం. కానీ ఆ సలహాలో ఉన్నది గౌరవం కాదు, హద్దురాయి. నీ వాడలోనే ఉండు అని చెప్పే కొత్త పద్ధతి. జాషువా పద్యం రాసినప్పుడు కూడా కొందరికి అదే కంటగింపు. ఆయన వాళ్ళ ఛందస్సు ఎత్తుకుపోలేదు. అది తనది కూడా అని చూపించాడు.

*

షోవాండే రచనల్లో ఇంకొకటి ఉంది. దాని పేరు 'గో డౌన్ మోజెస్'. అమెరికాలో నల్ల బానిసల ఆరాధన పాట అది. ఈజిప్టులో బానిసత్వంలో ఉన్న ఇశ్రాయేలీయుల కథని తమ కథగా పాడుకున్నారు. ఫరో అంటే యజమాని అని పాడేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. 1861లో, అంతర్యుద్ధం మొదట్లో, యజమానుల నుంచి పారిపోయి వర్జీనియాలోని ఫోర్ట్ మన్రోలో తలదాచుకున్న నల్లవాళ్ళ నోట విని దాన్ని అచ్చు వేశారు. ఆఫ్రికాలో ఉండిపోయినవాళ్ళ బిడ్డ, ఆఫ్రికా నుంచి లాక్కుపోయినవాళ్ళ పాటని ఆర్గాన్ మీద వాయించాడు. చరిత్ర తెంచిన తాడుని ఒక మనిషి ముడివేయడం అంటే ఇదే.

ఆ పాటలు ఎందుకు గొంతుతో, చప్పట్లతో, కాళ్ళ దరువుతో బతికాయో కూడా చెప్పాలి. 1739లో సౌత్ కరోలైనాలో స్టోనో దగ్గర బానిసలు తిరగబడ్డారు. డోళ్ళు కొట్టుకుంటూ, మిగతావాళ్ళని పిలుచుకుంటూ నడిచారు. తిరుగుబాటుని అణిచేశాక 1740లో చట్టం చేశారు. బానిసల దగ్గర డోలు, కొమ్ముబూర ఉండకూడదు. ఎందుకంటే డోలు మాట్లాడుతుందని యజమానులకి అర్థమైంది. డోలుని నిషేధించినవాడు దాన్ని శబ్దం అనుకోలేదు. ఆయుధం అనుకున్నాడు.

*

ఇప్పుడు మా పెదనాన్న దగ్గరికి వస్తాను.

యొరుబా డోలుకీ మన డప్పుకీ పోలిక పెట్టేటప్పుడు ఒక తేడా మరిచిపోకూడదు. అక్కడ డోలు కొట్టేవాళ్ళ వంశాలు ఉన్నాయి. వాళ్ళ పేర్లు 'అయాన్' అనే మాటతో మొదలవుతాయి. కానీ వాళ్ళు అంటరానివాళ్ళు కారు. ఆ డోలు మీద పడ్డ నింద ఒక్కటే, మిషనరీ వేసింది. మన డప్పు మీద రెండు నిందలు. మొదటిది కులం వేసింది. చచ్చిన గొడ్డు తోలు ముట్టేవాడు కాబట్టి వాడూ అంటు, వాడి డప్పూ అంటు. కానీ ఊరి దేవతకి, ఊరి చావుకి, ఊరి చాటింపుకి ఆ డప్పే కావాలి. కూలి ఇవ్వకుండా కావాలి. రెండో నింద చర్చి వేసింది. గ్రామదేవత ముందు మోగింది కాబట్టి అది సాతానుది అంది.

తోలు ముట్టడమే అంటు అయితే మృదంగం సంగతేమిటి? దానికీ తోలే కదా. తంజావూరు ప్రాంతంలో తరతరాలుగా మృదంగాలు చేస్తున్న దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి. ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకమే రాశాడు. గొడ్డు తోలు వేదిక మీదికి వచ్చేసరికి శాస్త్రీయం అయింది. మన మెడలో ఉంటే అంటు అయింది. ఆర్గాన్ కథే ఇక్కడా. పక్కన ఎవరున్నారన్నదే లెక్క.

కానీ పెదనాన్న అన్నది వేరు. ఆయన డప్పు అంటు అనలేదు. డప్పు వెట్టి అన్నాడు. అది నిజం. 1860ల నుంచి ఒంగోలు చుట్టుపక్కల మాదిగలు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చారు. యర్రగుంట్ల పేరయ్య 1866లో వచ్చాడు. కరువు తర్వాత, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరం తీసుకున్న కట్టుబాట్లు చూడండి. ఆదివారం పని చేయం. చచ్చిన గొడ్డు మాంసం తినం. విగ్రహాలకి మొక్కం. ఆ తర్వాత ఊరి జాతరకి డప్పు కొట్టం అన్నవాళ్ళని ఊరు బతకనివ్వలేదు. పని ఇవ్వలేదు, నీళ్ళు తోడుకోనివ్వలేదు. అయినా వాళ్ళు డప్పు దించారు. అంబేడ్కర్ 1927లో మహాడ్‌లో చచ్చిన గొడ్డు మాంసం వదిలేయమని చెప్పడానికి ఎన్నో ఏళ్ళ ముందే మన తాతలు చేసిన సమ్మె అది. మనం దాన్ని మతమార్పిడి అని ఒక్క మాటలో తేల్చేస్తున్నాం.

అందుకే డప్పు మన సంస్కృతి అని వేదికల మీద మాట్లాడే మనం, డప్పు దించిన మన తాతల తెగువని చిన్నబుచ్చకూడదు. నేను ఆ రోజు పెదనాన్న ముందు చేసిన తప్పు అదే.

మరి 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టినప్పుడు అదే డప్పు ఎందుకు మళ్ళీ మెడకెక్కింది? ఊరి పెద్ద పిలిస్తే కొట్టిన డప్పు కాదు కాబట్టి. మన వాటా కోసం మనమే కొట్టుకున్న డప్పు కాబట్టి. తోలు అదే, సిర్ర అదే, చిటికెన పుల్ల అదే. ఎవరి మాట మీద మోగుతోంది అన్నదే మారింది. వెట్టికీ కళకీ మధ్య ఉన్న గీత అదొక్కటే.

షోవాండే నుంచి నేను నేర్చుకున్నదీ అదే. ఆర్గాన్ ముందు కూర్చున్నప్పుడు ఆయన తెల్లవాడి పాట తెల్లవాడి కోసం వాయించి ఊరుకోలేదు. ఏం వాయించాలో తనే నిర్ణయించుకున్నాడు. అలాగని ఆయనతో అంతా అయిపోయిందనీ అనను. ఆర్గాన్‌లోకి యొరుబా బాణీ వచ్చింది గానీ, ఆ గుమ్మంలోంచి డోలు మాత్రం లోపలికి రాలేదు. డోలుని నిజంగా లోపలికి తెచ్చింది పేదలు, ఆడవాళ్ళు నిండిన అలదూరా చర్చిలు. 1925లో పుట్టిన కెరూబు, సెరాఫు సంఘం వంటివి. అక్కడ డోలు కొట్టారు, చప్పట్లు కొట్టారు, ఆడారు. చదువుకున్నవాడు గొప్ప వాయిద్యం మీద మన బాణీ పలికించడం ఒక పని. చదువు లేనివాళ్ళు మన వాయిద్యాన్నే లోపలికి తీసుకురావడం ఇంకో పని. మనకి రెండూ కావాలి. మన పిల్లలు వీణా నేర్చుకోవాలి, పియానో నేర్చుకోవాలి, ఛందస్సూ నేర్చుకోవాలి. డప్పు ప్యాడ్‌లోని బటన్ కిందే కాదు, మెడలో కూడా ఉండాలి.

సంక్రాంతికి మళ్ళీ ఊరెళ్ళాను. పెదనాన్న పక్కన అరుగు మీద కూర్చుని ఫోన్‌లో 'ఒయిగియిగి' పెట్టాను. ఇదంతా ఆయనకి చెప్పాను. కొంచెంసేపు విని, "కాళ్ళతో కూడా వాయిస్తారా?" అని అడిగాడు. అవునన్నాను. మంగలి కొడుకు సంగతికి నవ్వాడు. మీ ముందు తప్పుగా మాట్లాడాను పెదనాన్నా అన్నాను. దానికేం అనలేదు. లేచి వెళ్ళబోతూ అన్నాడు, "ఈస్టర్‌కి తెస్తే తెండి, సంఘంలో అడుగుదాం. కానీ మాట ఇవ్వండి. గుళ్ళో కొట్టిన కుర్రాడు రేపు ఊళ్ళోవాళ్ళు కబురు పెట్టారని పోయి కొట్టకూడదు."

నేను నెలరోజులు పుస్తకాల్లో వెతికిన గీతని ఆయన ఒక్క మాటలో గీశాడు.

కుర్రాళ్ళకి చెప్పాను. ఇద్దరు సరే అన్నారు. ఒకడు ఆలోచిస్తానన్నాడు. ఇంకొకడు పెళ్ళిళ్ళకి కొట్టి వచ్చే డబ్బుతోనే ఫీజు కట్టుకుంటున్నాడు. కూలి ఇచ్చి పిలిచినా వెళ్ళకూడదా అన్నాడు. వాడికి ఏం చెప్పాలి? మీరూ ఆలోచించండి.

వచ్చే భాగంలో ఫ్లోరెన్స్ ప్రైస్ గురించి రాస్తాను. 1933లో చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన సింఫనీ రాసిన నల్ల మహిళ. ఆర్గాన్ రచనలూ చేసింది. ఆమె రాతప్రతులు 2009లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పాడుబడ్డ ఇంట్లో పెట్టెల్లో దొరికాయి. మన ఇళ్ళ అటకల మీద ఏమేం ఉన్నాయో ఈలోపు ఒకసారి చూసి పెట్టండి.

జై భీమ్.